పొణికి చెట్టు, సవర గోడ, మన మాట

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఆగస్టు 29న విజయవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ రోజు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జయంతి. పొద్దున్నుంచీ మన బెజవాడలో ఎన్నో చోట్ల ఆయన పటానికి దండలు వేశారు. వ్యావహారిక భాషోద్యమం గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే మాస్టారిని. భాషా దినోత్సవం నాడు చెట్ల మాస్టారికి మైకు ఎందుకిచ్చారా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. భాషను కాపాడే పని, కళను కాపాడే పని, అడవిని కాపాడే పని మనం మూడు వేర్వేరు ఆఫీసులకు అప్పగించాం. ఒకదానికి అకాడమీ, ఒకదానికి ఎంపోరియం, ఇంకోదానికి అటవీశాఖ. కొండ ఊళ్ళలో మాత్రం ఈ మూడూ ఎప్పుడూ ఒకే పని. విడదీసి చూసినన్నాళ్ళూ మూడింటిలో ఒక్కటి కూడా మనకు దక్కదు. చెట్ల వెంట ఇన్నేళ్ళు తిరిగాక నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది.

పంతులు గారితోనే మొదలుపెడతాను. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఆ ఊరి చుట్టూ కొండల్లో సవరలనే ఆదివాసులు ఉండేవారు. వాళ్ళకు తెలుగు అంతంతమాత్రం, ఊళ్ళోవాళ్ళకు సవర బొత్తిగా రాదు. పంతులు గారు తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని, ఆయన పక్కన కూర్చొని ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత కొండ ఊళ్ళన్నీ తిరిగారు. అక్కడ మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైను వాడీ వాడీ చెవులు పోయాయి. ఒక భాషను వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన.

అయినా ఆపలేదు. సవర పిల్లల కోసం తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, కథలు, పాటలు పోగుచేశారు, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టమన్నారు. ఆయన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, అప్పటికి ఆయన వయసు 68 దగ్గర. నిఘంటువు 1938లో వచ్చింది. 1940లో ఆయన కన్నుమూశారు.

ఈ సవర పనిని మనం ఆయన జీవితంలో పక్క అధ్యాయంలా చెప్పుకుంటాం. నాకు అది మొదటి అధ్యాయంలా కనిపిస్తుంది. బడి ముఖం చూడని సవర మనిషి నోటి మాటలో తప్పులేని వ్యాకరణం ఉందని తన చెవులతో తాను విన్నారు. అలాంటి మనిషికి, తెలుగు రైతు నోటి మాట గ్రామ్యం, దానికో పద్ధతి లేదు అని పండితులు చెబితే ఎలా మింగుడుపడుతుంది? వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటానికి పునాది సవర కొండల్లో పడిందని నేను అనుకుంటాను. అంటే ఇవాళ మనం రాసుకుంటున్న తెలుగు సవరలకు కొంత బాకీ ఉంది.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందింది, సంతాలీకి బంధువు. 2011 జనాభా లెక్కల ప్రకారం దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దేశంలో 4 లక్షల పైచిలుకు. మన రాష్ట్రంలో శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో, సరిహద్దు దాటితే ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి కొండల్లో ఉంటారు. వాళ్ళ లెక్క మన లెక్కలా పదితో ఆగదు. పన్నెండు దాకా విడివిడి పేర్లుంటాయి. పదమూడంటే పన్నెండూ ఒకటి, పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు, ఆ పైన ఇరవైలతో లెక్క. ప్రపంచంలో ఇలా లెక్కపెట్టే భాషలు చాలా అరుదని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఒకటో తరగతిలో సవర పిల్లవాడి ముందు మనం పదుల లెక్క, పరాయి భాష, పరాయి కథ ఒకేసారి పెడతాం. వాడు వెనకబడ్డాడని రిజిస్టర్లో రాస్తాం.

సవర ఊళ్ళున్న సీతంపేట వైపు మా విద్యార్థులను మొక్కల సేకరణకు తీసుకెళుతుంటాను. ఒకసారి ఒక సవర ముసలమ్మ, ఆమె మనవడు మా వెంట వచ్చారు. మనవడు ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటున్నాడు. ఆమె సవరలో చెబుతోంది, వాడు తెలుగులో మాకు చెబుతున్నాడు, మా పిల్లలు రాసుకుంటున్నారు. చింత, మారేడు, కరక్కాయ, అడ్డతీగ అన్నీ చకచకా నడిచాయి. లోపలికి వెళ్ళేకొద్దీ వాడు తడబడ్డాడు. ఒక దుంప దగ్గర ఆమె చాలాసేపు మాట్లాడింది. ఎప్పుడు తవ్వాలో, ఎంత తవ్వి ఎంత వదలాలో, ఎలా ఉడికిస్తే దురద పోతుందో చెబుతోందని ఆమె చేతుల్ని బట్టి మాకు అర్థమవుతోంది. వాడు మాత్రం "ఏదో దుంప సార్, తింటారంట" అన్నాడు. ఆమె మాట వాడికి సగమే అందింది. మా పుస్తకంలో ఆ దుంపకు లాటిన్ పేరు ఎక్కింది. ఆమె చెప్పిన మిగతాదంతా ఆ కొండ మీదే ఉండిపోయింది.

భాష పోవడమంటే ఇలాగే ఉంటుంది. ఎవరూ నిషేధించనక్కర్లేదు. అమ్మమ్మకూ మనవడికీ మధ్య ఒక దుంప దగ్గర మాట తెగిపోతే చాలు. తర్వాత ఆ మనవడు పెద్దయి అదే కొండకు వెళ్ళినా అతనికి అక్కడ కనిపించేది పచ్చటి పొదలే. ఎంత వదలాలో తెలియనివాడు మొత్తం తవ్వేస్తాడు, లేదా అసలు పట్టించుకోడు. రెండు రకాలుగానూ ఆ దుంపకు నష్టమే.

కొండ ఊళ్ళలో కొత్తల పండగలు ఉంటాయి. కంది కొత్త, మామిడి కొత్త, ఇలా ఒక్కో పంటకూ ఒక్కో కొత్త. ఊరంతా కలిసి ఆ పండగ చేసే దాకా ఆ పంటను ఎవరూ నోట పెట్టకూడదు. మామిడి కాయలు చెట్టు నిండా వేలాడుతుంటాయి, పిల్లవాడు కూడా రాయి విసరడు. మొదట కొండదేవతకు, పెద్దలకు పెట్టి, డప్పు వాయించి, థింసా ఆడి అప్పుడు తింటారు. నా వృత్తి దృష్టితో ఇది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కాయ ముదరకముందే కోస్తే గింజ తయారు కాదు, తయారు కాని గింజ మొలవదు. ఊరంతటికీ ఒకే రోజు కోత మొదలైతే ముందు వెళ్ళినవాడు ఊడ్చుకుపోయే ప్రమాదం కూడా లేదు. దీన్నే మేం తరగతి గదిలో వనరుల యాజమాన్యం అంటాం. అక్కడ అది పాటలో ఉంది, అడుగులో ఉంది, దేవతకు చెప్పే మాటలో ఉంది. మామిడి టెంకల్ని కూడా పారెయ్యరు. లోపలి జీడిని నానబెట్టి, దంచి వానకాలంలో అంబలి కాచుకుంటారు. ఆ చెట్టు వాళ్ళకు రెండుసార్లు అన్నం పెడుతుంది. అందుకే పోడు కొట్టేటప్పుడు కూడా మామిడి, చింత, ఇప్ప చెట్ల మీద గొడ్డలి పడదు. మన్యంలో కొండ వాలు మీద పోడు మధ్య ఒంటరిగా నిలబడిన చింతచెట్టు మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇప్పుడు గోడ దగ్గరికి వస్తాను. సవర బొమ్మలంటే మీకు తెలిసే ఉంటుంది. ఎర్రటి నేల మీద తెల్లటి సన్న గీతలతో మనుషులు, గుర్రాలు, చెట్లు. వాటిని ఇడితాల్ అంటారు. ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూస్తారు, బియ్యప్పిండిని నీళ్ళలో కలిపి, నలిపిన పుల్లతో గీస్తారు. చుట్టూ ఒక చట్రం, అది ఒక ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, కొండలు, చెట్టెక్కే మనిషి, కల్లు కుండ, ఏనుగు, బల్లి, వరసగా చేతులు పట్టుకొని ఆడే జనం. 1951లో ఆదివాసీ కళ మీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ వేసిన పుస్తకంలో ఈ గోడలు ప్రపంచానికి పరిచయమయ్యాయి. కాలం మారేకొద్దీ విమానం, సైకిలు కూడా ఆ చట్రంలోకి వచ్చి చేరాయి. బొమ్మ పాతదే కావాలని వాళ్ళు పట్టు పట్టలేదు. చుట్టూ ఏది ఉంటే దానికి చోటిచ్చారు.

అది గదికి అలంకారంగా గీసేది కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, ఎవరైనా చనిపోయినా, విత్తనాలు చల్లే ముందైనా, పూజారి కలలోనో పూనకంలోనో ఏ పెద్దకు బొమ్మ కావాలో చెబితే అప్పుడు గీస్తారు. చనిపోయినవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోరని సవరల నమ్మకం. కొండలో ఉంటారు, వాగులో ఉంటారు, సూర్యుడిలో ఉంటారు. తాత చేసిన పొలంలో పండే గింజలో తాత బలం ఉంటుంది. అలాంటి నమ్మకం ఉన్న మనిషి కొండను పెల్లగించడానికి చెయ్యెత్తడం కష్టం, ఎందుకంటే అక్కడ అతని వాళ్ళు ఉన్నారు. గోడ మీద బొమ్మ గీస్తూ పూజారి ఆ పెద్దతో మాట్లాడతాడు, పిలుస్తాడు, బతిమాలతాడు, ఒక్కోసారి దెబ్బలాడతాడు. ఆ మాటలన్నీ సవరలోనే. మాట తీసేసి గీత ఒక్కటి ఉంచితే మిగిలేది అందమైన డిజైను.

మన నగరంలో వంతెనల కింద, కార్యాలయాల ప్రహరీల మీద ఇలాంటి గీతలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిని గీసింది ఎవరో, అది ఎవరి గోడ మీది బొమ్మో చెప్పే అక్షరం ముక్క ఎక్కడా ఉండదు. చీర మీదికి, కప్పు మీదికి, పెళ్ళి శుభలేఖ మీదికి ఆ మనుషులు ఎక్కారు. ఇది నన్ను బాధపెడుతుంది. ఒడిశాలో సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల పేరుకైనా కొంత రక్షణ ఉంటుంది. మన వైపు సవర అక్కచెల్లెళ్ళు కాగితం మీద, బట్ట మీద గీసి అమ్ముకుంటున్నారు. వాళ్ళకూ ఆ గౌరవం దక్కాలి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చాలా సవర ఊళ్ళలో మతం మారింది, పూజ మారింది. మట్టి గోడలు పోయి సిమెంటు గోడలు వచ్చాయి. కొత్త ఇల్లు కావాలని కోరుకునే హక్కు, కొత్త దేవుణ్ణి మొక్కే హక్కు వాళ్ళకుంది. పాత గుడిసెలో పాత బొమ్మతో మన కోసం కూర్చోమని అడగడానికి మనమెవరం? నేను అడిగేదల్లా ఆ భాష, ఆ చేతి పని నిలుపుకోవాలనుకునేవాళ్ళకు దారి మూసుకుపోకూడదని. ఇవాళ ఆ దారి చాలా ఇరుకుగా ఉంది.

కళ, భాష కొండను కాపాడతాయంటే వినడానికి బాగుంటుంది కానీ నిజంగా ఎక్కడ జరిగిందని నా విద్యార్థులు అడుగుతారు. నేను నియమగిరి పేరు చెబుతాను. మన పార్వతీపురం దాటితే రాయగడ, ఆ పక్కనే ఆ కొండలు. అక్కడ ఉండే డోంగ్రియా కోందులనే ఆదివాసులు కువి అనే భాష మాట్లాడతారు. మన అరకు, పాడేరు కొండల్లో వినిపించేదీ ఆ కువినే. మన మన్యంలోని జాతాపు గిరిజనుల పూర్వీకులు మాట్లాడిందీ అదే, ఇప్పుడు వాళ్ళలో ఎక్కువమంది తెలుగులోకి వచ్చేశారు. నియమగిరి మీద బాక్సైట్ గని తవ్వుతామన్నప్పుడు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు, గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ వేసవి దాటాక 12 ఊళ్ళలో, జిల్లా న్యాయమూర్తి పరిశీలకుడిగా ఉండగా సభలు జరిగాయి. జనం తమ భాషలో, నియమరాజు తమ దేవుడని, ఆ కొండ ఆయన ఇల్లని, వాగులన్నీ అక్కడే పుడతాయని చెప్పారు. 12 ఊళ్ళూ వద్దనే అన్నాయి.

ఆ డోంగ్రియా ఆడవాళ్ళు కుట్టే శాలువా ఒకటుంది, కప్డాగండా అంటారు. దాని మీద వరసగా త్రికోణాలు ఉంటాయి, అవి వాళ్ళ కొండలు. కాబోయేవాడికి, అన్నదమ్ములకు ఆ శాలువా కుట్టి ఇస్తారు. చిన్నప్పటి నుంచీ సూదీ దారంతో కొండ గీతను వేలితో నేర్చుకున్న పిల్ల, పెద్దయ్యాక గ్రామసభలో ఆ కొండ గురించి మాట్లాడటానికి కాగితం చూసుకోనక్కర్లేదు. కోర్టులు, చట్టాలు, బయటి మద్దతు లేకపోతే ఆ పోరాటం గెలిచేది కాదు, నిజమే. కానీ ఆ సభల్లో మాట్లాడటానికి వాళ్ళ దగ్గర మాట ఉంది. ఎన్నో కొండల దగ్గర అప్పటికే ఆ మాట పోయి ఉంటుంది.

ఇంత దూరం ఎందుకు, మన ఇంటికి వద్దాం. ఇక్కడికి గంట ప్రయాణం కూడా లేని కొండపల్లి. మన సంక్రాంతి బొమ్మల కొలువులో అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు లేకుండా ఉండేవా? ఆ బొమ్మ పుట్టేది తెల్ల పొణికి చెట్టు నుంచి. పొడి కొండల్లో, రాతి వాలు మీద పెరిగే చెట్టు అది. కర్ర చాలా తేలిక, మెత్తన, ఉలి కింద చక్కగా ఒదుగుతుంది. దాన్ని ఎండబెట్టి, వేడి చూపించి తడి తీసి, ఒళ్ళు వేరుగా, చేతులు, కాళ్ళు వేరుగా చెక్కుతారు. చింతగింజల జిగురుతో అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు నింపి నునుపు చేస్తారు. ఆ పైన తెల్ల పూత, ఆ పైన రంగులు. మక్కు పనిలో ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి ఎంతో ఉంటుంది, ఆ సంగతి బొమ్మ కొనేవాళ్ళకు తెలియదు.

ఈ పనికి పొణికి తప్ప ఇంకో కర్ర పనికిరాదని కళాకారులు ఖచ్చితంగా చెబుతారు. అదే ఆ చెట్టుకు రక్ష. మార్కెట్లో పొణికికి కలపగా పెద్ద విలువ లేదు, గట్టి చేవ లేదు, తలుపుకూ మంచానికీ పనికిరాదు. లెక్కల్లో దాన్ని వంటచెరకులో కలిపేస్తారు. బొమ్మ చేసే చెయ్యి ఒక్కటే దాన్ని విలువైన చెట్టు చేసింది. ఆ చెట్టు కొండపల్లి కొండల్లో తగ్గిపోతోందని మొదట గొంతెత్తింది కూడా బొమ్మలు చేసేవాళ్ళే, ఏ సర్వే నివేదికా కాదు. అడవికి వెళ్ళేది వాళ్ళు, కర్ర కోసం ఇంకా ఇంకా దూరం నడవాల్సి వచ్చింది వాళ్ళు. పొణికి మొక్కలు పెంచి నాటే ప్రయత్నాలు ఆ మొర వల్లే మొదలయ్యాయి. నాటితే సరిపోదు, చెట్టు ఉలికి అందేంత లావవ్వాలంటే ఏళ్ళు పడుతుంది. ఈలోపు బొమ్మ చేసే కుటుంబం నిలవాలి. పిల్లలు వేరే పనిలోకి పోతే, ఇరవై ఏళ్ళకు చెట్టు చేతికొచ్చేసరికి దాన్ని చెక్కే చెయ్యి ఉండదు. అప్పుడు ఆ పొణికిని ఎవరు కాపలా కాస్తారు?

ఒక పక్క మొక్కలు నాటుతూ, ఇంకో పక్క ఆ కొండల్నే గ్రావెల్ కోసం తొలవడం మన కళ్ళ ముందు జరుగుతున్న పని. ఈ ఊరి మేడల పునాదుల కింద ఆ కొండల మట్టి ఉంది. దీని గురించి బెజవాడ వాళ్ళం మాట్లాడకుండా సీతంపేట గురించి మాట్లాడితే అది న్యాయం కాదు.

పెడన కలంకారీ సంగతి రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే అక్కడ కథ చెట్టు కంటే నీళ్ళది. రంగులకు వాడేవి కరక్కాయ, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, పటిక, దానిమ్మ తొక్క, నీలిమందు, ఒకప్పుడు మన తీరపు ఇసుకలో దొరికిన, ఎరుపునిచ్చే చిరువేరు. నిజాంపట్నం వైపు చిరువేరు ఎరుపు అంటే 17వ శతాబ్దపు యూరపు వర్తకులకు ఎంతో మోజు. అద్దిన బట్టను పారే నీటిలో ఉతికితేనే రంగు తేరుతుంది. కాలవ మురికైతే ఎరుపు మందగిస్తుంది. కాలవ నీళ్ళు ఎలా ఉన్నాయో పెడన అద్దకం పనివాడికి బట్ట చూస్తేనే తెలుస్తుంది.

మన ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనే వేరే మాట ఉన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. పల్నాడు తండాల్లో గోర్‌బోలి మాట్లాడే సుగాలీలు, తీజ్ పండక్కి పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు పాటలు పాడతారు. బుట్టలల్లే ఎరుకలవాళ్ళ ఇళ్ళలో కుర్రు భాష ఉంది, తమిళానికి దగ్గర. పశ్చిమాన నల్లమలలో చెంచులు, పులుల అభయారణ్యంలో జాడ చూడాలంటే అటవీశాఖ వాళ్ళకు ముందు నడిచేది వాళ్ళే. చెంచులదీ, డెల్టాలో యానాదులదీ తెలుగే కాబట్టి వాళ్ళ భాషకేం ప్రమాదం లేదని మనం అనుకుంటాం. నేను ఒప్పుకోను. పొలం గట్టు మీద కన్నం చూసి లోపల ఎలుక ఉందో పాము ఉందో చెప్పే యానాది తాత తెలుగు, నా తెలుగు ఒకటి కాదు. మడ అడవిలో తెల్లమడ ఏదో, నల్లమడ ఏదో, ఏ చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందో ఆయనకు తెలుసు. ఆ చెట్టు తిల్ల. మా విద్యార్థులు పరీక్షలో దాని లాటిన్ పేరు అక్షరం పొల్లుపోకుండా రాస్తారు, పడవలో వెళుతూ కొమ్మ విరవబోతారు.

ఈ విలువ తెలిసిన పండితుడు మన ప్రాంతంలోనే పుట్టాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు, అప్పట్లో అది గుంటూరు జిల్లా. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చింది. ఊరూరా రైతుల్ని అడిగి నాగలి భాగాల పేర్లు, నేలల పేర్లు, పైరు దశల పేర్లు రాశారు. తర్వాత చేనేతకూ సంపుటం వచ్చింది. అదే కృష్ణమూర్తి గారు అరకు వైపు కొండదొరలు మాట్లాడే, కూబి అని కూడా పిలిచే కొండ భాష మీద పనిచేసి 1969లో దాని వ్యాకరణం వెలువరించారు. రైతు మాటకూ కొండదొర మాటకూ ఒకే శ్రద్ధ చూపిన పెద్దమనిషి. అడవి మీద, మడ మీద, చేపల వేట మీద అలాంటి కోశాలు నిండుగా రావాల్సి ఉంది. పరిశోధక విద్యార్థులు ఇక్కడ ఉంటే, ఆ పని మీది.

బడి గురించి చెప్పకుండా ముగించలేను. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామీ, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. పిల్లలు ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి రావాలన్నది పథకం. ఎంత మంచి ఆలోచన! పుస్తకాల్లో వాళ్ళ ఊరి చెట్లు, వాళ్ళ పండగలు, వాళ్ళ కథలు ఉన్నాయి. కానీ పుస్తకం అచ్చేస్తే పని అయిపోదు. సవర వచ్చిన టీచరు బదిలీ అయి సవర రాని టీచరు వస్తే ఆ పుస్తకం బీరువాలోకి వెళుతుంది.

లిపి సంగతి కూడా ఉంది. 1936 ఏప్రిల్‌లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, పంతులు గారు మనసు విరిగి ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే ఏడాది సవరల్లో ఒకరైన మంగేయి గొమాంగో సవరకు సొంతంగా సొరాంగ్ సంపెంగ్ లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఇప్పుడు సరిహద్దుకు అటు ఒక లిపి, ఇటు తెలుగు లిపి. అన్న పుస్తకం తమ్ముడు చదవలేడు. ఏ లిపి ఉండాలో తేల్చాల్సింది సవరలే, నాకు అందులో అభిప్రాయం అక్కర్లేదు. కానీ రెండు లిపులూ ఒకే పుటలో పక్కపక్కన అచ్చువేయడానికి ఈ రోజుల్లో అడ్డేముంది?

అధికారులు కొందరు ఇక్కడున్నారు కాబట్టి అడుగుతున్నాను. మన్యంలో మొక్కలు నాటే పథకం వచ్చినప్పుడు ఏ మొక్క, ఎక్కడ అని ముందు ఆ ఊరి గ్రామసభను వాళ్ళ భాషలో అడగండి. మొక్కల పేర్ల బోర్డు మీద ఆ ఊరి భాషలో పేరు మొదటి వరసలో ఉండాలి. ఆ ముసలమ్మ లాంటివాళ్ళను బడికి పిలవండి, ఊరికే కాదు, గెస్టు లెక్చరరుకు ఇచ్చినట్టు గౌరవవేతనం ఇచ్చి. నా జీతానికి తగ్గ చదువు నాకుందంటే ఆమె చదువు అంతకు తక్కువేమీ కాదు. ప్రభుత్వ గోడ మీద సవర బొమ్మ వెయ్యాలంటే సవరల చేతే వేయించి, కింద వాళ్ళ పేరు, ఊరు రాయించండి. కొండపల్లిలో పొణికి నాటిన ప్రతిచోటా కాపలా బాధ్యత, కర్ర మీద హక్కు బొమ్మల కళాకారుల సంఘాలకు కలిపి ఇవ్వండి. మా కాలేజీల వాళ్ళం కూడా మా సేకరణ రికార్డుల్లో లాటిన్ పేరు పక్కన చెప్పిన మనిషి పేరు, ఆమె భాషలో పేరు, ఆమె చెప్పిన వాడకం రాస్తేనే మార్కులు వేద్దాం. దీనికి ఎవరి జీవో అక్కర్లేదు, వచ్చే సెమిస్టరు నుంచే చెయ్యొచ్చు.

ఈ హాలు బయట వరండాలో సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర అక్కచెల్లెళ్ళు బొమ్మలు గీస్తున్నారు. వాళ్ళ పక్కనే కొండపల్లి నుంచి ఒక కుటుంబం ఉలి, మక్కు పట్టుకొచ్చి కూర్చుంది. వెళ్ళి చూడండి. కొనేవాళ్ళు దయచేసి బేరం ఆడొద్దు. కొనలేనివాళ్ళు ఫరవాలేదు, బొమ్మలో ఉన్న చెట్టు ఏదో అడగండి, సవరలో దాని పేరు చెప్పించుకొని రాసుకోండి. పిల్లలుంటే వాళ్ళచేత పలికించండి. సీతంపేట వాళ్ళకు సాయంత్రం పలాస వైపు రైలుంది, ఎక్కువ సమయం లేదు. అందుకని నేను ఇక్కడ ఆపుతున్నాను.

నమస్కారం.